ఖాళీ చేసి తెచ్చిన బండి

జనగామ, మంగళవారం

సదానందం నా మెకానిక్ షెడ్డుకు తనిఖీ కోసం తెచ్చిన క్యారవాన్‌ను నేను నమ్మలేకపోతున్నాను. పాత వ్యానులో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చుకున్నాడు. ఎల్లుండి తల్లిని అందులో పడుకోబెట్టి అడవి దారిన భూపాలపల్లికి తీసుకుపోతాడట. వెనక ఎడమ టైరు రెండు అంచులూ నున్నగా అరిగాయి, నడుమ గీతలు మాత్రం చెక్కుచెదరలేదు. గాలి తక్కువైనా, బరువు ఎక్కువైనా అలా అరుగుతుంది. గాలి సరిగ్గానే ఉంది. ధర్మకాంట మీద ఒక్కో పక్క చక్రాలు ఎక్కించి తూచాను. రెండు పక్కలా బరువు సమానం. అతడేదో దాస్తున్నాడనిపించింది.

“బండిలో బరువు ఇంతేనా?” అని రెండుసార్లు అడిగాను.

“గింతే అన్నా. కండ్ల ముంగటనే ఉన్నది గదా!”

అతని భార్య స్వరూపకు నవ్వు ఆగలేదు. “పొద్దటిసంది ఇల్లంతా దించినం అన్నా. బియ్యం బస్తాలు, సిలిండర్లు, ట్యాంకుల నీళ్లు. గవన్నీ ఎడమదిక్కే ఉంటయి. కుడిదిక్కు అత్తమ్మ మంచం.”

“మరి గట్లనే తేవాల్నా? షెడ్డుకు బండిని కడిగి తేవాలె. ఇజ్జత్ ఉండద్దా?” అన్నాడు సదానందం, నిజంగానే నొచ్చుకుని.

రేపు సామానంతా ఎక్కించుకుని రమ్మన్నాను. టైరు మార్చి, బస్తాలను మంచం కిందికి సర్దిస్తాను.

అనుమానం ఇప్పుడు నా మీదికి మళ్లింది. మూడు నెలల క్రితం ఇదే బండిని చూసి, అంతా బాగుందని చీటీ రాసిచ్చింది నేనే. అప్పుడూ ఖాళీగానే తెచ్చి ఉంటాడు. ఆ చీటీని నమ్మి తల్లిని ఎన్ని ఊళ్లు తిప్పాడో...

రఘునాథపల్లి బడి వ్యాను కూడా నా దగ్గరికి ఎప్పుడూ తళతళలాడుతూనే వస్తుంది, లోపల ఒక్క పిల్లవాడూ లేకుండా.