ఊకెనే నేర్పుతదట

శనివారం రాత్రి

గుళ్లో రామయ్య దయవల్ల రోజు గడిచింది. మనసే కుదుటపడలేదు.

చెల్లెలు పద్మ ఖమ్మం నుంచి వచ్చి ఊళ్లో ఉంటున్నప్పటి నుంచి గుడిలో శనివారం భజనకు మొదటి పాట ఎత్తుకునేది తనే. ఇన్నేళ్లూ ఎత్తుకున్నది నేను. ఇప్పుడు వాయించమని నా చేతికి తాళాలు ఇచ్చారు. అందుకే ఎవరికీ చెప్పకుండా ఫోన్‌లో పాట నేర్పే యాప్ పెట్టుకున్నాను. వారం రోజులు ఉచితం అని రాసుంది. గొంతు మారలేదు, తీసేశాను. తెర మీద బొమ్మ పోతే పీడ పోయినట్టే అనుకున్నాను. ఈ పొద్దున బ్యాంకులోంచి నెల చందా కట్ అయింది.

ఆపడం పద్మకే తెలుసు. ఫోన్ ఇవ్వక తప్పలేదు.

"ఏందక్కా, పాట నేర్చుకుంటున్నవా?"

"అవ్."

"నన్నడిగితే ఊకెనే నేర్పకపోదునా! పైసలు దండగ జేస్తివి," అని నవ్వింది.

పోయిన పైసల కంటే ఆ ‘ఊకెనే’ ఎక్కువ గుచ్చుకుంది.

వచ్చే నెల నుంచి కట్ కాకుండా ఆపేసి, యాప్ మళ్లీ పెట్టింది. "ఈ నెలంతా పనిచేస్తదిలే. ఏదీ, పాడు, వింటా," అన్నది. పాడాను. యాప్ నూటికి నలభై ఇచ్చింది. పద్మ వంటింట్లోకి పోతూ అదే చరణం ఊరికే పాడుకుంది. ఫోన్ ఇంకా వింటూనే ఉంది. తొంభై రెండు ఇచ్చింది.

పడుకునే ముందు దేవుడి దగ్గర కూర్చున్నాను. ఈ కుళ్లు తీసెయ్యి స్వామీ అని మొక్కుదామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, ఆ గొంతు నాకెందుకు ఇయ్యలేదని.