అత్తమ్మకు బాకీపడ్డ సగం

ఏమండీ, రాత్రి మిల్లుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. డాక్టరుగారు నా ఆపరేషన్ ఈరోజే అన్నారు. తమ్ముడితో కాకినాడ వెళ్తున్నాను. అన్నం, చేపల పులుసు గట్టు మీద ఉన్నాయి. తిని రండి.

అత్తమ్మ పోయిన నలభయ్యోరోజున ఖురాన్ ముప్పై భాగాలూ తలా ఒకటి పంచుకుని చదివాం కదా. నా భాగం సగంలో ఉండగా పాప ఏడ్చింది. మళ్లీ తెరవలేదు. మీ అక్కగారు "అయ్యిందా జమీలా?" అంటే "అయ్యిందండి" అనేశాను. ఒక్క సగం తగ్గితే మిగతాదంతా చదివిన పుణ్యం అత్తమ్మకు చేరదా? పన్నెండేళ్లుగా ఇదే అనుమానం. మిమ్మల్ని అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ అబద్ధంతో ఆపరేషన్ బల్ల ఎక్కలేను. తిట్టాలనుంటే అక్కడికొచ్చి తిట్టండి. కానీ రండి.

జమీలా

మిగిలిన సగం ఈ తెల్లవారుజామున ఫజర్ నమాజు తర్వాత చదివేశాను. ఆటో రెండుసార్లు హారన్ కొట్టినా, పూర్తయ్యేదాకా లేవలేదు.