అంతోనివారిని ఏమడగాలి?

రోజమ్మా,

అన్నం వండాను. రొయ్యల కూర వేడి చేసుకుని తిను. నేను పక్కింటి సుకుమార్ బండి మీద రాజమండ్రి పోతున్నా, నా స్కాన్ రిపోర్టు తేవడానికి.

నువ్వు ధవళేశ్వరం మీ చెల్లెల్ని చూడ్డానికి పోతూ, మధ్యలో తెగకూడదని పునీత అంతోనివారి నవదిన జపం ఇవాళ నన్ను చెప్పమన్నావు కదా. చెప్పాను. నేను చదువుతుంటే కాలవలో కొరమేనులన్నీ తలలెత్తి విన్నాయి, ఒట్టు! కానీ ‘మీ మనవి చెప్పుకొనండి’ అన్నచోట బుర్ర తిరిగిపోయింది. ఇన్నాళ్లూ ఏమడుగుతున్నావో చెప్పకుండానే వెళ్లిపోయావాయె! మీ చెల్లెలి విరిగిన కాలా, మనమ్మాయి ఉద్యోగమా? చివరికి, “అయ్యా, మా రోజమ్మ అడిగేదే నేనూ అడుగుతున్నా” అనేశాను.

అడిగేది నా గురించే అయితే మాత్రం నాకు చెప్పకు. మొన్న డాక్టరు నిన్నొక్కదాన్నే లోపలికి పిలిచి ఏమన్నాడో తెలిసిపోతుంది.