నన్ను ఊరికి పంపిన మెసేజ్

జూన్ 22, 2020

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్నది నాన్న ఫోన్ ఒక్కటే. నాది పదో తరగతి, తమ్ముడు శ్యాంసుందర్‌ది ఎనిమిది. ఇద్దరికీ పొద్దున తొమ్మిదికే క్లాసు. ఫోన్ తమ్ముడికే అన్నాడు నాన్న.

జులై 14

మా విశాలాక్షి టీచర్‌తో మాట్లాడాడట నాన్న. పుస్తకాలు చూసి చదువుకుంటే చాలందట. తమ్ముడి క్లాసు అయ్యేసరికి నెట్ కూడా అయిపోతుంది. కరోనాకు మా లింబాయత్ బస్తీలో చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోయారు; మిగిలిన మమ్మల్ని గడప దాటనివ్వరు. అమ్మతో కూర్చుని చీరలకు స్టోన్లు అంటిస్తున్నాను. లెక్కల్లో మూడో పాఠం దాటలేదు.

ఆగస్టు 19

స్టోన్లు.

సెప్టెంబర్ 3, మధ్యాహ్నం



తమ్ముడికి జ్వరం. ఫోన్ నాకు దొరికింది. చూస్తే క్లాస్ గ్రూప్‌లోంచి మా నంబర్ తీసేశారు. ఎందుకో అడుగుదామని విశాలాక్షి టీచర్ చాట్ తెరిచాను. జులై రెండున నాన్న పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. నొక్కాను.

“మేడం, సుమనను ఊరికి పంపినం. ఇగ చదవదు. పేరు కొట్టెయ్యండ్రి.”

మూడుసార్లు విన్నాను. నాన్న గొంతే. ఆ వెనకాల సన్నగా ఇంకో గొంతు. గిన్నె ఎక్కడ పెట్టావమ్మా అని అడుగుతోంది.

అది నేనే.

అదే రోజు, రాత్రి 8

నాన్న లూమ్‌లో బట్ట నేసే పని నుంచి రాగానే ఆ మెసేజ్ వినిపించాను. అమ్మ చేతిలో చీర జారిపోయింది. ఆమెకూ తెలియదు.

 “క్లాసుకు ఎందుకొస్తలేదని మేడం రోజూ ఫోన్ చేస్తుండె. ఇంట్ల ఒక్కటే ఫోనని చెప్పనీకి సిగ్గయింది బిడ్డా” అన్నాడు నాన్న.

సిగ్గుకి నా పేరు కొట్టించేశాడు! నాకు ఏడుపు కూడా రాలేదు.

సెప్టెంబర్ 4

నేనూ వాయిస్ పెట్టాను. “టీచర్, నేను సుమనను. ఏ ఊరికీ పోలే. లింబాయత్‌ల మా ఇంట్లనే ఉన్న.”

బ్లూ టిక్కులు పడ్డాయి.  గంట తర్వాత టీచరే కాల్ చేసింది. రేపు నాన్నతో స్కూలుకు రమ్మంది.

సెప్టెంబర్ 5

నాన్న తల ఎత్తకుండానే నిజం చెప్పాడు. నా పేరు మళ్లీ రాశారు. నాకు క్లాసు సాయంత్రం పెడతానంది టీచర్. నెట్ ఎక్కువ వేయిస్తానన్నాడు నాన్న.

ఊరికి పోయారని కొట్టేసిన పేర్లు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. టీచర్ ఆ లిస్టు నాన్న ముందు పెట్టింది. “సోమలింగం గారూ, వీళ్లలో నిజంగా వెళ్లినవాళ్లు ఎందరు?”

“ఇండ్లు నాకు ఎరుకే మేడం. పాండ్రి, అడుగుదాం” అన్నాడు నాన్న.

సెప్టెంబర్ 13

టీచర్, నాన్న, నేను పద్నాలుగు ఇళ్లూ తిరిగాం. తొమ్మిది మంది ఇక్కడే ఉన్నారు.

నా క్లాసు విజయశ్రీ వాళ్లది మా వెనక గల్లీ. తలుపు తీసి నన్ను చూసి, “నువ్వు ఊరికి పోయినవ్ గదనే!” అని అరిచింది.

నేనూ అదే అరిచాను.