పసుపు గీత

సాగినా నగరం, ఆదివారం

తమ్ముడు డ్వేన్‌కి,

నాన్న తన కారు నాకిచ్చి పోయాడని నీకు కోపం. నా ఫోన్ ఎత్తవు కనుక మీ వైపు వస్తున్న పక్కింటి గ్లెన్ చేతికి ఈ ఉత్తరమిచ్చి పంపుతున్నాను.

నాన్న పోయాక షెడ్డులోంచి కదలని ఆ మస్టాంగ్ కారుకి కొత్త షాక్ అబ్జార్బర్లు వేద్దామని నిన్న చక్రాలు విప్పాను. బోల్టు గట్టిగా బిగించాక గుర్తుగా దాని మీద పసుపు రంగుతో గీత గీసేవాడు కదా. "గీత ఉందంటే దాని జోలికి పోకురా" అనేవాడు. చెరపడానికి మనసొప్పక కాసేపు అలాగే కూర్చున్నాను. తీరా చూస్తే, పానా పెట్టకుండానే చక్రం వెనకున్న బోల్టు నా వేళ్లకి తిరిగింది. పక్కదీ అంతే. గీతలు మాత్రం తిన్నగానే ఉన్నాయి. తన చేతుల్లో పట్టు పోయిందని నాన్న మనకి చెప్పనే లేదు.

చివరిసారి ఈ బోల్టులు బిగించిన వారమే నీ కారు బ్రేకులు మార్చింది కూడా ఆయనే. నేను వచ్చి చూసేదాకా పిల్లల్ని అందులో ఎక్కించకు.

అన్న