పద్నాలుగో నంబరు బస్సుకు మ్యూజియంలో చోటు

మ్యూజియం వేసవి కార్యక్రమాలు చూసే అధికారిణి గారికి నమస్కారం.

పోయిన శనివారం మీ ప్రాంగణంలో వయొలిన్ కచేరీ విన్నాను. ఎంత బాగుందని చెప్పనమ్మా. పగలంతా ఎండకు కాగిన రాతి మెట్లు అప్పుడే చల్లబడుతున్నాయి. పక్క హాల్లో పాత గడియారాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆరు కొడుతుంటే, వయొలిన్ ఆయన కమాను ఎత్తిపట్టుకుని అన్నీ అయ్యేదాకా ఆగాడు. ఆ మర్యాదకే నాకు సగం కడుపు నిండింది.

మిగతా సగం నిండలేదు. ఎవరూ టికెట్ అడగలేదు. నా ఉద్యోగమంతా టికెట్ లేనివాళ్ళని దించేయడమే. అలాంటివాణ్ణి, టికెట్ లేకుండా మెత్తటి కుర్చీలో కూర్చుంటే ప్రాణం ఎలా ఒప్పుతుంది? చెకింగు వాళ్ళు ఏ స్తంభం వెనక ఉన్నారో అని వెనక్కి చూస్తూనే ఉన్నాను.

అసలు సంగతి ఇది. నేనూ మా డ్రైవరూ ముప్ఫయ్యేళ్ళు ఒకే బస్సు మీద పనిచేశాం. కిందటేడు ఒకే రోజు ఉద్యోగం దిగిపోయాం. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆయన భార్య పోయింది. అప్పట్నుంచీ మనిషి గడప దాటడు. నేను రోజూ పొద్దున్నే వెళ్ళి ఆయన ఇంటి మెట్ల మీద కూర్చుంటాను. మీ కచేరీ గురించి ఊదరగొట్టి చెప్పాను. అంతా విని ఒక్కటే మాట అన్నాడు. "టికెట్ ఏదోయ్?"

దయచేసి ఇద్దరికి టికెట్లు పంపండి. వేసవి అయిపోయేలోగా ఆయన్ని ఒక్కసారైనా బయటికి తీసుకురావాలని నా ఆశ.

ఇట్లు,
కండక్టర్, పద్నాలుగో నంబరు బస్సు.

తా.క.: రెండో వరసలో ఒక కుర్చీ కుంటుతోంది. మీ కార్యక్రమాల కరపత్రం మడిచి దాని కాలి కింద పెట్టాను. నాకు ఇంకో కరపత్రం కావాలి.

*

గౌరవనీయులైన కండక్టరు గారికి,

మీ మెచ్చుకోలు చదివి మా ఆఫీసంతా సంతోషించింది. గడియారాల హాలు అటెండరు ఆ ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

మా వేసవి కార్యక్రమాలన్నీ ఉచితం. ఉచితానికి టికెట్ అచ్చు వేస్తే ఆడిటు వాళ్ళు ఊరుకోరు. మీరూ, మీ డ్రైవరూ, మీ ప్రయాణికులూ నిరభ్యంతరంగా రావచ్చు. మీ బస్సు నిలపడానికి వెనక గేటు లోపల చోటు కేటాయించాం. ఎంతమంది వస్తారో తెలిపితే కుర్చీలు వేయిస్తాం.

మీ రాక కోసం చూస్తూ,
వేసవి కార్యక్రమాల అధికారిణి.

తా.క.: కుర్చీ విషయం మరమ్మతుల విభాగానికి పంపాం. వాళ్ళు వచ్చి చూసి, కుర్చీ కుంటడం లేదని రాసి, కాలి కింద చెత్త ఉందని మీ కరపత్రం తీసుకెళ్ళారు.

*

అమ్మా, నమస్కారం.

మీరు నా ఉత్తరం హడావుడిగా చదివినట్టున్నారు. బస్సు సంగతి వివరంగా రాద్దామనే కూర్చున్నాను. కానీ అంతకుముందే ఒక పొరపాటు చేశాను. మీ జవాబు మా డ్రైవరుకి చదివి వినిపించాను.

'బస్సుకు చోటు' అనే దగ్గర మంచం మీద పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. "గేటు వెడల్పెంత? లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, జవాబు కోసం నా మొహంలోకి చూశాడు. ఇన్నాళ్ళకి చూశాడమ్మా. కాబట్టి నా వివరాలు తర్వాత. ముందు గేటు వెడల్పు పంపండి.

నిన్న మీ మట్టిపని శిక్షణకి కూడా వచ్చాను. నేర్పే ఆవిడ ఎంత ఓపికమంతురాలు! నేను బస్సు చేస్తే, ఏనుగు చాలా బాగా కుదిరిందని మెచ్చుకుంది. నేను కాదనలేదు.

వెడల్పు కోసం ఎదురుచూస్తూ,
కండక్టర్.

తా.క.: మీ బొమ్మలాటకీ వచ్చాను. జనమంతా గుమ్మం దగ్గరే గుంపుకట్టారు. నోరు ఊరుకోక, "ముందుకు జరగండి, లోపలంతా ఖాళీయే" అన్నాను. జరిగారు. అలవాటు కొద్దీ విజిల్ కూడా వేశాను. అది విని బొమ్మలాడించేవాళ్ళు ఆట మొదలుపెట్టేశారు. క్షమించాలి.

*

కండక్టరు గారికి,

గేటు కొలిపించాం. మామూలు బస్సు దూరితే అటూ ఇటూ బెత్తెడు మిగులుతుంది. తలుపులు లోపలికే తెరుచుకుంటాయి.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. గేటు ఎందుకు కొలుస్తున్నారని మా డైరెక్టరు గారు అడిగారు. బస్సు వస్తోందన్నాను. మ్యూజియంలోకి వచ్చేది పాత బస్సే అయ్యుంటుందని ఆయన అనుకున్నారు. వేసవి చివరి సాయంత్రానికి 'అలనాటి బస్సు, ఉచిత ప్రదర్శన' అని పోస్టర్లు వేయించేశారు. నేను సర్దిచెప్పేలోపే వాటిని వీధి మలుపుల్లో అంటించేశారు, జిగురు కూడా ఆరిపోయింది. మీ బస్సు మరీ కొత్తదైతే కాస్త దుమ్ముతో తీసుకురాగలరా?

ఇబ్బందితో,
అధికారిణి.

తా.క.: విజిల్‌కు క్షమాపణ అక్కర్లేదు. మా కార్యక్రమం అనుకున్న వేళకు మొదలవడం అదే మొదటిసారి. చివరి కచేరీకి మీరు వస్తారా అని వయొలిన్ విద్వాంసుడు అడుగుతున్నారు.

*

అమ్మా,

ఇక దాచి లాభం లేదు. మాకు బస్సు లేదు. ఉద్యోగమే దిగిపోయినవాళ్ళకి బస్సెక్కడిది?

అయినా మీరు ఆ పోస్టరు చింపించకండి. మా డ్రైవరు దాన్ని కిటికీలోంచి చూశాడు. చూసి, గడ్డం గీసుకుని, నాకు చెప్పకుండా డిపోకి వెళ్ళాడు. షెడ్డు వెనక తుక్కుకి పంపే వరసలో మా పాత బస్సు ఉందట. డిపో మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాడు. ఇప్పుడు పగలంతా దాని కిందే ఉంటున్నాడు. నేను అద్దాలు తుడుస్తున్నాను. ఆయన కింద నుంచి నన్ను తిడుతున్నాడు. ఆ తిట్లు విని ఎన్నాళ్ళైందో. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అది కదులుతుందో లేదో తెలీదు. కదలకపోతే మనిషి మళ్ళీ మంచమెక్కుతాడని నా భయం. మీ గేటు మాత్రం తీసి ఉంచండి.

భయంతో,
కండక్టర్.

తా.క.: ఇంత చేస్తూ కూడా టికెట్ ఏదోయ్ అంటూనే ఉన్నాడు.

*

ప్రియమైన కండక్టరు గారికి,

నిన్నటి సాయంత్రం నుంచి మా ఆఫీసులో వేరే మాట లేదు. మీరు వెనక నిలబడి "రానీ, రానీ" అంటుంటే, ఆ బస్సు రెండు పక్కలా బెత్తెడు చోటులోంచి గీత పడకుండా లోపలికి వచ్చింది. గడియారాల అటెండరు చప్పట్లు కొట్టాడు. జనం కుర్చీలన్నీ వదిలేసి బస్సెక్కి, కిటికీల్లోంచి కచేరీ విన్నారు. అలాంటి సాయంత్రం మా మ్యూజియం ఎరగదు.

మీరు ఫుట్‌బోర్డు మీద జనాన్ని సర్దుతున్నప్పుడు నేను డ్రైవరు గారి దగ్గరికి వెళ్ళి, టికెట్ ఇవ్వలేకపోయినందుకు మన్నించమన్నాను. ఆయన నవ్వారు. మీకు చెప్పొద్దన్నారు గానీ చెప్పకుండా ఉండలేను.

"ఉచితమని నాకు తెలీదా అమ్మా? ఉద్యోగం దిగినప్పట్నుంచీ వాడికి ఏం తోచడం లేదు. రోజూ వచ్చి నా మెట్ల మీద కూర్చుని, నాకోసం వచ్చాననేవాడు. నా దుఃఖం కంటే వాణ్ణి అలా చూడటం కష్టమైంది. టికెట్ పని పెడితేనన్నా కదులుతాడని అడిగాను. చూడండి ఎలా కదిలాడో" అన్నారు.

మీరప్పుడు విజిల్ వేశారు. ఆయన అలవాటుగా గేరు మీద చెయ్యి వేశారు.

ఎంతో గౌరవంతో,
అధికారిణి.

తా.క.: బస్సు ఇంకా మా ప్రాంగణంలోనే ఉంది. ఇంజను పోయింది, వచ్చే వేసవిదాకా కదలదు, ఇద్దరం రోజూ వచ్చి చూసుకోవాలి అని డ్రైవరు గారు అంటున్నారు. మా మెకానిక్ చూసి, దానికేమీ కాలేదన్నాడు. మేం డ్రైవరు గారి మాటే రాసుకున్నాం.