డెబ్బై గింజల గిన్నె

విడపనకల్లు కాపురస్తురాలు, చనిపోయిన సుంకన్న భార్య చౌడమ్మ అనే నేను, సుమారు డెబ్బై ఏండ్ల వయసులో, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా చెప్పి రాయిస్తున్న మరణశాసనం ఇది. నాకు చదువు రాదు. రాసేది మా ఊరి ఎర్రన్న. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. మెత్తగా మారిస్తే వేలిముద్ర వేయనన్నాను. నేను పోయినాక దీన్ని అమలు జరపవలసింది కూడా అతనే.

1. ఇల్లు. బండలు పరిచిన నా ఒంటిగది మిద్దె, దాని ముందరి రేకుల కొట్టం, నా చిన్నకొడుకు విజయభాస్కర్ భార్య సారాకు చెందాలి. పెద్దకొడుకు ఓబన్నకు ఇందులో హక్కు లేదు. ఎందుకు లేదో మూడో అంశంలో ఉంది.

2. చేను. మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిన రెండెకరాల చేను ఓబన్నకు. "నాకేం మిగిల్చిందప్పా మాయమ్మ" అని అడిగితే, అందులోని రాళ్లు కూడా అతనివే అని చెప్పండి. వాడు చెడ్డవాడు కాదు. వాడు తెలియక చేసినాడు. తెలిసి ఊరకున్నది నేను.

3. ఇది నా వాంగ్మూలం. భాస్కర్ పంపుసెట్ల మోటార్లకు తీగ చుట్టేవాడు. అది కూటికి. ఇష్టంతో చేసింది పాత కరెంటు గిటార్లు బాగుచేయడం. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో, చర్చీల అటకల మీద మూలబడినవి తెచ్చి, రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, వంగిన మెడ సరిచేసి, మళ్లీ పలికించేవాడు. వాటి తంత్రుల కింద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగితీగ ఏడువేల చుట్లు చుట్టాలి. తక్కువైతే గొంతు రాదు.

ఆ చుట్టే పని మా అత్తాకోడళ్లది. పాత కుట్టుమిషను చక్రం నేను తిప్పేదాన్ని, తీగ తెగకుండా సారా పట్టేది. నాకు నూరు దాకే లెక్క వచ్చు. అందుకని ఒక గిన్నెలో డెబ్బై శనక్కాయ గింజలు పోసుకునేవాళ్లం. నూరు చుట్లయినప్పుడల్లా సారా ఒక గింజ తీసి రెండో గిన్నెలో వేసేది. మొదటి గిన్నె ఖాళీ అయితే పని అయినట్టు.

వాన లేని రెండువేల రెండో సంవత్సరంలో ఉరవకొండ ఆర్కెస్ట్రా రాఘవేంద్ర తన ఎర్రగిటారు తెచ్చి ఇచ్చినాడు. అది చుట్టిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. సారా నీళ్లకు బోరింగు దగ్గరికి పోయినప్పుడు మొదటి గిన్నెలో చేయి పెట్టినాను. ఒకటి అనుకున్నాను. ఎన్ని తిన్నానో తెలియదు. లెక్కపెట్టి తినలేదు.

ఒక పెండ్లి పందిట్లో ఆ గిటారు గొంతు డ్రమ్ముల కింద అణిగిపోయింది. రాఘవేంద్ర అందరి ముందర, "ఏమప్పా భాస్కరా, పెద్ద మేస్త్రీ అంటివే, మా అవ్వ గొణిగేది దీనికంటే గట్టిగా ఇనపడుతుంది" అని గిటారు చేతిలో పెట్టి పంపినాడు. భాస్కర్ ఇంటికి తెచ్చి, చుట్టిన తీగ ఎంతుందో చెప్పే మీటరు పెట్టి చూసినాడు. చుట్లు తక్కువ. "రెండ్రెండు గింజలు ఏసినావు గదే, కండ్లు యాడ పెట్టుకున్నావు" అని పెండ్లాన్ని అడిగినాడు. సారా నా వైపు తిరిగి, "అత్తా, ఒక్కొక్కటే ఏసినా. నువ్వు చూస్తాంటివి గదా" అనింది. నేను చక్రానికి నూనె వేస్తూ కూర్చున్నాను.

ఆమె గుంతకల్లులోని పుట్టింటికి పోయింది. భాస్కర్ మళ్లీ గిటారు ముట్టలేదు. మరుసటేడు బోరు మోటారు పైకి తీస్తూ కరెంటు తగిలి చనిపోయినాడు. సమాధిలో పిడికెడు మన్ను వేయడానికి సారా వస్తే, "మావాని పేరు చెడగొట్టినదానివి, నీ మన్ను మాకొద్దు" అని ఓబన్న అడ్డం నిలబడినాడు. గింజలకు తెరుచుకున్న నా నోరు అప్పుడు కూడా తెరుచుకోలేదు. తర్వాత ఆమెకు చెప్పాలని రెండుసార్లు గుంతకల్లు బస్సెక్కినాను. రెండుసార్లూ ఆ వీధి మొదట్లోనుంచే తిరిగి వచ్చినాను.

4. గోడకు వేలాడుతున్న ఎర్రగిటారు, చక్రం, మిగిలిన రాగితీగ, భాస్కర్ మీటరు సారాకు. రాఘవేంద్ర ఇప్పుడు కీబోర్డు పెట్టుకున్నాడు, గిటారు తనకు అక్కరలేదని కబురంపినాడు. విప్పి మళ్లీ చుట్టినా వినవలసినవాడు లేడు. ఆమె ఉంచుకోనీ, పగలగొట్టుకోనీ. ఓబన్న మాత్రం దాన్ని అమ్మకూడదు.

5. ఈ కాగితాన్ని ఎర్రన్న ముందు ఓబన్నకు, తర్వాత రాఘవేంద్రకు, చివర సారాకు చదవాలి. ఓబన్న ఆమెను భాస్కర్ సమాధి దగ్గరికి పిలుచుకొని పోయి, ఆ పిడికెడు మన్ను వేసేదాకా పక్కకు తప్పుకొని నిలబడాలి. నా సమాధి దగ్గరికి రమ్మని ఆమెను ఎవరూ అడగకూడదు.

6. అటక మీద మూతపెట్టిన సత్తుగిన్నె సారాకు. అందులో డెబ్బై గింజలున్నాయి. పక్కింటి మారెక్క నాలుగుసార్లు లెక్కపెట్టింది.

ఎర్రన్న ఇక్కడ, "ఆకలికి తాళలేక తింటివి అని రాస్తానవ్వా" అన్నాడు. వద్దన్నాను. ఆ పూట సారా కూడా తినలేదు. గిన్నె ఆమె చేతి దగ్గరే ఉండింది.

విడపనకల్లు, 14 మార్చి 2006.

చౌడమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: మారెక్క, పక్కింటి ఆమె (వేలిముద్ర). తిప్పయ్య, చర్చి పెద్ద (సంతకం).

రాసినవాడు: ఎర్రన్న. ఆమె చెప్పినదానిలో ఒక్క మాట మార్చలేదు.